చేతికి నేర్పే చదువు

మా పెద్దకడుబూరుకు ఒకవైపు ఆదోని, ఇంకోవైపు ఎమ్మిగనూరు. ఆదోని అంటే పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, దర్జీ అంగళ్లు. ఎమ్మిగనూరు అంటే మగ్గాలు. నడుమ ఉన్న మాది సేద్యం ఊరు. నల్లరేగడి నేల, వానను నమ్ముకున్న పైర్లు, తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందినచోట వరి. ఈ చుట్టుపక్కల సర్కారు బడుల్లో డ్రిల్లు సారుగా నా ఉద్యోగమంతా గడిచింది. మైదానంలో పిల్లలకు ఆటలు నేర్పాను. ఊళ్లో పెద్దలు పిల్లలకు పనులెట్లా నేర్పుతున్నారో చూస్తూ వచ్చాను.

ఒంటితో చేసే పనిని అందరూ ఒకే దారిలో నేర్చుకోరు. నేర్పేవాళ్లూ అందరికీ ఒకే దారిలో నేర్పలేరు. ఏ దారి ఎవరికి, ఏ పూట, ఏ పనిలో పనికొస్తుందో కనిపెట్టడమే నేర్పేవాళ్ల అసలు విద్య. కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న పి.ఇ.టి.లకు, శిష్యుల్ని పెట్టుకున్న మేస్త్రీలకు, ఇంట్లో పిల్లలకు పని చెప్పే తల్లిదండ్రులకు అక్కరకొస్తాయని ఈ పాఠాలు రాస్తున్నాను.

1. ముందు కళ్లను నేర్చుకోనివ్వండి

ముంగారు వానకు నేల పదునెక్కగానే మా ఇంట్లో గొర్రు కట్టేవాళ్లు. నాయన ఎద్దుల్ని తోలితే అమ్మ జడ్డిగం పట్టేది. గొర్రు పళ్ల వెనక నుంచి వెదురు గొట్టాలు పైకి లేచి ఒక చెక్క గిన్నెలో కలుస్తాయి. ఆ గిన్నే జడ్డిగం. ఒడిలోంచి పిడికెడు గింజలు తీసుకోవాలి, ఎద్దుల నడకతో అడుగు కలపాలి, గిన్నెలోని రంధ్రాలన్నిట్లోకీ సమంగా పడేట్టు వేళ్ల సందుల్లోంచి వదలాలి. ఎక్కువ వదిలితే మొలకలు గుంపుగా లేస్తాయి. తక్కువైతే సాలు బోసిపోతుంది. జొన్నకు పిడికిలి పట్టే తీరు వేరు, కొర్రకు వేరు. కొర్ర సన్నగింజ కాబట్టి అందులో ఇసుక కలిపి వదిలేవాళ్లు.

ఇంత నాజూకు పనిని ఎవరూ కూర్చోబెట్టి చెప్పేవాళ్లు కాదు. ఆడపిల్లలు విత్తనాల గంప అందిస్తూ వెనకాలే నడిచేవాళ్లు. అమ్మ చెయ్యి ఎప్పుడు బిగుస్తుందో, మలుపు దగ్గర ఎప్పుడు ఆగుతుందో సాలు వెంట సాలు చూసేవాళ్లు. కొన్నాళ్లకు ఒక పూట ‘ఈ సాలు నువ్వు పట్టుకో పాపా’ అని తల్లి జడ్డిగం వదిలేది. అప్పటికి ఆ పిల్ల కళ్లలో సగం పని తయారై ఉండేది. గ్వాటెమాలాలోని మాయా కుటుంబాల్ని దశాబ్దాల పాటు గమనించిన మనస్తత్వ శాస్త్రవేత్త బార్బరా రోగాఫ్ రాసిందీ ఇదే. అక్కడి పిల్లలు పెద్దల పని చుట్టూ మసలుతారు, శ్రద్ధగా చూస్తారు, సందు దొరికినప్పుడల్లా ఆ పనిలో చెయ్యి వేస్తారు. వాళ్లకు వేరే తరగతి అక్కర్లేదు.

అందుకే ఆటలో దిగకుండా గీత బయట నిలబడిన పిల్లవాణ్ని సోమరి అనుకోవద్దు. చెయ్యి పట్టి లోపలికి లాగొద్దు. కబడ్డీలో కూతకు పోయినవాడు ఎటువైపు నుంచి తప్పించుకున్నాడో సాయంత్రం అతన్నే అడగండి. ఆడినవాళ్లకన్నా వివరంగా చెబుతాడు. అట్లాంటివాడు దిగినరోజు మొదటి అడుగు నుంచే ఆట తెలిసినవాడిలా ఆడతాడు.

2. చిన్న పని ఇవ్వండి, కానీ నిజమైన పని ఇవ్వండి

ఆదోనిలో దర్జీ అంగడికి పని నేర్చుకోను పోయిన పిల్లవాడు మొదటిరోజే కత్తెర పట్టడు. కాజాలు కుడతాడు, గుండీలు వేస్తాడు, అంచులు మడిచి హెమ్మింగు చేస్తాడు. ఆ తర్వాత మిషను మీద కూర్చుని ముక్కలు కలుపుతాడు. గుడ్డ మీద సుద్దతో గీత గీసి కత్తిరించేది మాత్రం కటింగు మాస్టరే. చొక్కా తయారయ్యే వరుస చూస్తే కత్తిరింపు మొదటిది, గుండీ చివరిది. నేర్చుకునే వరుస దానికి సరిగ్గా తిరగబడి నడుస్తుంది.

1970లలో పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో దర్జీల దగ్గర కూర్చుని పరిశీలించిన మానవ శాస్త్రవేత్త జీన్ లేవ్ కూడా ఇదే వరుసను చూశారు. మనకూ వాళ్లకూ సముద్రాలు అడ్డం. అయినా రెండుచోట్లా పెద్దలు ఒకే ఉపాయం కనిపెట్టారంటే అందులో బలమైన కారణాలున్నాయి. గుండీ వంకరపోతే విప్పి మళ్లీ కుట్టొచ్చు. కత్తెర తప్పితే గుడ్డే పోతుంది. పైగా గుండీలు వేసే పిల్లవాడి ఒళ్లో రోజూ పూర్తయిన చొక్కా ఉంటుంది. కాలరు ఎట్లా కూర్చుందో, చంక దగ్గర ముక్క ఎట్లా కలిసిందో అతని వేళ్లు తడుముతూనే ఉంటాయి. కత్తెర చేతికొచ్చే నాటికి చొక్కా మొత్తం అతని మనసులో కుట్టి ఉంటుంది.

ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలోనూ మెట్లు ఉన్నాయి. పసివాళ్లు రాట్నం మీద కండెలు చుడతారు. కొంచెం పెద్దయ్యాక తెగిన పోగును ముడివేయడం, ఆపైన పాత పడుగు పోగులకు కొత్త పోగులు కలుపుతూ అచ్చు అతకడం నేర్చుకుంటారు. ఆ తర్వాతే మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నాడె ఆడిస్తారు. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం స్థాపించినప్పుడు ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో చేరింది. ఆ మరుసటేడే, 1954లో, సోమప్ప గారికి పద్మశ్రీ ఇచ్చారు. జిల్లా మారింది, రాష్ట్రం మారింది, సంఘంతో నేత అమ్మకం తీరు మారింది. కండె నుంచి నాడె దాకా ఉన్న మెట్లు మాత్రం మారలేదు. ఎందుకంటే ప్రతి మెట్టులోనూ పిల్లలు చేసింది ఇంటికి పనికొచ్చే పనే. వాళ్లు చుట్టిన కండెతోనే నాయన నేసేవాడు. కండె వదులుగా చుడితే మగ్గం మీద పోగు చిక్కుపడేది, సంగతి వెంటనే తెలిసిపోయేది.

3. మాట తగ్గించండి, చూపును సరైనచోట నిలపండి

మడక కొత్తగా పట్టినవాడు కర్రు వైపే చూస్తాడు. సాలు వంకర తిరుగుతుంది. మా నాయన ‘కిందికి సూడొద్దు, ఎద్దుల నడుమ నుంచి గట్టుమీది చెట్టును సూడు’ అనేవాడు. అంతకు మించి ఏమీ చెప్పేవాడు కాదు. చేతులు ఎక్కడ బిగించాలి, నడుము ఎంత వంచాలి అన్న ఊసే లేదు. చూపు చెట్టుమీద నిలిస్తే ఒళ్లు తనంతట తాను సర్దుకునేది.

ఈ మాటలో ఉన్న బలం నాకు ఉద్యోగంలో చేరాక బాగా అర్థమైంది. లాంగ్‌జంప్‌లో ‘మోకాలు ఎత్తు, చేతులు వెనక్కి తెచ్చి ముందుకు ఊపు, తల వంచకు’ అని ఒక్క గుక్కలో చెబితే పిల్లలు గీత దగ్గర బిగుసుకుపోతారు. ఇసుకలో ఒక పుల్ల గుచ్చి ‘దాన్ని దాటు’ అంటే ఒళ్లు వదులై గాల్లోకి లేస్తుంది. జర్మనీలో గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహచరులు 1998లో ప్రచురించిన పరిశోధనలో మంచుమీద జారే ఆటను పోలిన ఒక యంత్రం మీద కొందరికి సాధన చేయించారు. తమ పాదాల మీద ధ్యాస పెట్టినవాళ్లకన్నా, పాదాల కింద కదిలే చక్రాల మీద ధ్యాస పెట్టినవాళ్లు బాగా నేర్చుకున్నారు. ధ్యాస ఒంటి మీద పెడితే ఒళ్లు తడబడుతుంది. చేరాల్సినచోట పెడితే ఒళ్లు దారి వెతుక్కుంటుంది.

కాబట్టి నేర్పబోయే ముందు ఒక్క మాట సిద్ధం చేసుకోండి. ఆ మాట పిల్లవాడి మోచేతి గురించి కాకుండా బంతి గురించో, గీత గురించో, చెట్టు గురించో ఉండేట్టు చూసుకోండి.

4. ఏ దెబ్బా ముందటి దెబ్బలా ఉండదు

‘పదిసార్లు చెయ్, వస్తుంది’ అని మనమందరం చెబుతాం. పదిసార్లూ ఒకేలా చేయించాలనే తొందరలో మనం తప్పుదారి పడతాం. ముంగారుకు ముందు కమ్మరి కొలిమి దగ్గర కర్రులు సాగదీసే పని చూసినవాళ్లకు ఈ సంగతి తెలుస్తుంది. దాగలి మీద ఇనుము ఎర్రగా ఉన్నప్పుడు ఒక బరువు దెబ్బ, చల్లారే కొద్దీ ఇంకో తీరు దెబ్బ. పట్కారు తిరిగినట్టల్లా సమ్మెట కోణం మారుతుంది. చెయ్యి ప్రతిసారీ కొత్త లెక్క వేసుకుంటుంది.

1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టయిన్ అనే శాస్త్రవేత్త సుత్తి కొట్టే కార్మికుల ఒంటికి చిన్న దీపాలు అమర్చి, ఆ వెలుగు గీతల్ని ఫొటోలు తీశారు. ఆరితేరినవాడి భుజం, మోచెయ్యి, మణికట్టు ప్రతి దెబ్బకూ కాస్త వేరుగా కదిలాయి. సుత్తి మాత్రం పడాల్సినచోటే పడింది. సాధన అంటే పాత కదలికను అచ్చు గుద్దడం అనుకుంటే పొరపాటని, ప్రతిసారీ చిక్కును కొత్తగా విప్పడమే సాధన అని ఆయన తేల్చారు.

పిల్లల మీద కూడా ఇది రుజువైంది. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లల్ని రెండు జట్లు చేసి చిన్న సంచిని గురికి విసరమన్నారు. ఒక జట్టు ఎప్పుడూ మూడడుగుల నుంచే విసిరింది. రెండో జట్టు రెండడుగులు, నాలుగడుగుల నుంచి విసిరింది. చివర్లో మూడడుగుల నుంచి పరీక్ష పెడితే, ఆ దూరం నుంచి ఎన్నడూ విసరని రెండో జట్టే మెరుగ్గా గురి కొట్టింది. మన వీధుల్లో గోలీలాడే పిల్లలు రోజంతా చేసేది ఈ సాధనే. ఏ రెండు గోలీలూ ఒకే దూరంలో ఉండవు, ఏ రెండు గుంతలూ ఒకే లోతు ఉండవు. అందుకే నేను త్రోబాల్ నేర్పినా, షాట్‌పుట్ నేర్పినా గీతను రోజూ జరుపుతూ ఉండేవాణ్ని. గాలికి ఎదురుగా ఒకరోజు, గాలివాటున ఒకరోజు నిలబెట్టేవాణ్ని.

5. తాళం కూడా గురువే

చెక్కభజన నేర్పే గురువును ఒకసారి శ్రద్ధగా గమనించండి. వరుసలో నిలబడ్డవాళ్లలో రైతులుంటారు, కూలీలుంటారు, బడిపిల్లలుంటారు. ఎవరి కాలు ఎటు పోవాలో ఆయన విడివిడిగా చెప్పడు. ముందు పాట ఎత్తుకుంటాడు. చెక్కల మోత మీద పాట నిలిచాక ఒక్క అడుగు కలుపుతాడు. అది కుదిరాక మలుపు, ఆ తర్వాత కూర్చుని లేచే అడుగు, చివరికి ఉరుకు. తడబడేవాణ్ని ఇద్దరు నిలకడైనవాళ్ల నడుమ నిలబెడతాడు. అటూ ఇటూ నడిచే కాళ్లు మధ్యలోవాడి కాళ్లను లాక్కుపోతాయి. పీర్ల పండగకు అలాయి గుండం చుట్టూ తిరిగే గుంపులో కొత్తవాడు కూడా రెండు చుట్లకు అడుగు కలిపేది ఇందుకే.

మాటలతో గుర్తుపెట్టుకోలేనివాళ్లు చాలామంది చప్పుడుతో గుర్తుపెట్టుకుంటారు. కాలు తొక్కుడు, నాడె పరుగు, దువ్వెన దెబ్బ కలిసి మగ్గానికి ఒక చప్పుడుంది. నేత తెలిసిన ఇల్లాలు వంటింట్లో నుంచే ఆ చప్పుడు విని పోగు తెగిందని చెప్పగలదు. హర్డిల్స్‌లో అడుగుల లెక్క ఎంత చెప్పినా ఎక్కని పిల్లలకు చప్పట్లు కొట్టి చూడండి. ఏ పని నేర్పుతున్నా దానిలో దాగిన లయను ముందు బయటికి తీయండి. అడుగుల వరుసను అది మోసుకొస్తుంది.

6. ఒక్క మెట్టు పైనున్నవాణ్ని పక్కన కూర్చోబెట్టండి

బాగా పని వచ్చినవాడికి తాను ఎట్లా చేస్తున్నాడో చెప్పడం రాదు. తత్వవేత్త మైకేల్ పొలానీ 1958లో రాసిన గ్రంథంలో సైకిలును ఉదాహరణగా తీసుకున్నారు. సైకిలు కుడివైపు ఒరుగుతుంటే తొక్కేవాడు హ్యాండిలును కుడివైపే తిప్పి నిలదొక్కుకుంటాడు. రోజూ ఆదోని దాకా తొక్కిపోయేవాళ్లను అడిగినా ఈ సూత్రం చెప్పలేరు. వాళ్ల చేతులకు తెలుసు, నోటికి తెలియదు.

అందుకని నేర్పే పని ఎప్పుడూ ఊళ్లో అందరికన్నా గొప్పవాడికే అప్పగించాలనుకోవద్దు. నిన్న మొన్ననే నేర్చుకున్నవాడికి ఎక్కడ కాలు జారుతుందో గుర్తుంటుంది. అతను వాడే మాట కొత్తవాడికి తగులుతుంది. ఖోఖోలో ఆరో తరగతి పిల్లలకు నేను చూపించిన మలుపును తొమ్మిదో తరగతి అమ్మాయిలు తమ మాటల్లో చెప్పినప్పుడు పని తొందరగా జరిగేది. నేర్పుతూ నేర్పుతూ ఆ పెద్దపిల్లల ఆట కూడా పదునెక్కేది. గొప్ప పనివాడి అవసరం పోదు. ఆయన్ని చూడటానికి, ‘ఈ పని ఇంత అందంగా చేయొచ్చా’ అని నోరు తెరవడానికి పెట్టుకోండి. మొదటి మెట్టు ఎక్కించడానికి అక్కలనూ అన్నలనూ పెట్టుకోండి.

7. ఎక్కడ నిలబడి నేర్పుతున్నారో చూసుకోండి

చాలామంది ఎదురుగా నిలబడి నేర్పుతారు. అప్పుడు మన కుడిచెయ్యి పిల్లవాడి కళ్లకు ఎడమవైపు కనపడుతుంది. ముడి వేయడం, లాఠీ తిప్పడం, సూది పట్టడం వంటి పనుల్లో ఈ తారుమారు పెద్ద అడ్డంకి. పక్కన, ఒకే దిక్కుకు ముఖం పెట్టి కూర్చోండి. మా అవ్వలు బొంత కుట్టడం నేర్పినప్పుడు పిల్లను పక్కనే ఆనుకుని కూర్చోబెట్టుకునేవాళ్లు. ఆ కూర్చోబెట్టుకోవడంలోనే సగం పాఠం ఉండేది.

ఎడమచేతి వాటం పిల్లలకు మాత్రం ఎదురుగా కూర్చోవడమే మంచిది. వాళ్లకు మనం అద్దంలా కనపడతాం, అట్లాగే అనుకరిస్తే సరిపోతుంది. ఎడమచేతిని కొట్టి కుడిచేతికి మార్చే అలవాటు మన ఇళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. దాన్ని మానుకోవాలి. బౌలింగులో, కబడ్డీలో ఎడమవాటం ఒక వరం. కుడివాటానికి పదును పెట్టిన కొడవలిని ఎడమచేతివాడికి ఇచ్చి ‘వీడికి కోత రాదు’ అనడం అన్యాయం. ఒళ్లు వేరైతే పనిముట్టు మారాలి, లేదా పట్టుకునే తీరు మారాలి. నాయన సైకిలు సీటు అందని పిల్లలు అడ్డకడ్డీ కింది నుంచి కాలు దూర్చి తొక్కారు. ఆ తీరు వాళ్లకు ఎవరూ నేర్పలేదు, వాళ్ల ఒళ్లే కనిపెట్టుకుంది. పిల్లల ఒళ్లు అట్లా దారి కనిపెట్టుకుంటున్నప్పుడు మనం అడ్డం రాకూడదు.

8. తప్పు ఖరీదెంతో లెక్క వేసుకుని నేర్పండి

నేర్పే తీరుల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి, తప్పు జరగక ముందే చెయ్యి పట్టుకుని నడిపించడం. రెండోది, పడనిచ్చి, లేవనిచ్చి, తానే తెలుసుకోనివ్వడం. ఏది గొప్పదని వాదించుకుంటాం గానీ, తప్పు ఖరీదే ఆ సంగతి తేలుస్తుంది.

మెక్సికోలోని చియాపాస్ కొండల్లో, జినకాంతాన్ అనే మాయా ఊళ్లో, పట్రీషియా గ్రీన్‌ఫీల్డ్ అనే పరిశోధకురాలు 1970 ప్రాంతంలో తల్లులు కూతుళ్లకు నేత నేర్పడాన్ని పరిశీలించారు. తల్లులు పక్కనే ఉండి, పోగు తప్పబోతుంటే వెంటనే చెయ్యి వేసి సరిదిద్దేవాళ్లు. 1991లో మళ్లీ పోయి చూస్తే ఆ పిల్లలే తల్లులయ్యారు. ఊళ్లోకి డబ్బుతో నడిచే వ్యాపారం వచ్చింది, నేత సామగ్రి కొనుక్కునే రోజులు వచ్చాయి. ఆడపిల్లలు ఎక్కువగా తమంతట తామే చేసి చూసి, తప్పి, దిద్దుకుని నేర్చుకుంటున్నారు. బతుకు మారితే నేర్పే తీరు కూడా మారిందని ఆమె చూపించారు.

నూలు కొరత తెలిసిన మన నేత ఇళ్లలో చెయ్యి పట్టి నేర్పారు. నష్టమేమీ లేని గోలీల్లో, ఈతలో లోతులేని నీళ్లల్లో, పిల్లల్ని వదిలేశారు. ఈ వివేకం ఇప్పుడు ఇంకా అవసరం. నూర్పిడి యంత్రం దగ్గర, పురుగుమందు కొట్టే పంపు దగ్గర, ట్రాక్టరు మీద ‘వాడే తెలుసుకుంటాడులే’ అనడానికి వీల్లేదు. అక్కడ తప్పు ఖరీదు చెయ్యో కాలో ప్రాణమో. అక్కడ పక్కన నిలబడి, ఒక్కో కదలికను చూపించి, చేయించి, మళ్లీ చూపించాలి. కబడ్డీ కోర్టులో మాత్రం పడితే మోకాలు చీరుకుంటుంది, అంతే. అక్కడ ఊరుకోవడం నేర్చుకోండి.

ఊరుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ చేసిన ప్రయోగంలో ప్రతిసారీ ‘ఇంత తప్పావు’ అని చెప్పించుకున్నవాళ్లకన్నా, సగం సార్లు మాత్రమే చెప్పించుకున్నవాళ్లు మరునాటి పరీక్షలో బాగా చేశారు. మన గొంతు అదేపనిగా మోగుతుంటే పిల్లవాడు తన ఒళ్లు చెప్పేది వినడు. ఒకసారి దిద్దండి, తర్వాత కొన్నిసార్లు అతన్నే ‘ఎట్లుంది?’ అని అడగండి.

9. ఎవరి మీదా ముద్ర వేయకండి

‘వీడు చూసి నేర్చుకునే రకం, ఈమె విని నేర్చుకునే రకం’ అని పిల్లల్ని విడదీసే పద్ధతి శిక్షణ తరగతుల్లో బాగా ప్రచారమైంది. 2008లో పాష్లర్, మెక్‌డానియెల్, రోరర్, బ్యోర్క్ అనే నలుగురు పండితులు ఆ విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ వడబోసి, అట్లా రకాలుగా విడదీసి నేర్పితే మేలు జరుగుతుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. నా అనుభవం కూడా అదే చెబుతుంది. తేడాలు ఉన్నాయి, చాలా ఉన్నాయి. కానీ అవి మనిషి నుదుట రాసి ఉండవు. ఆ పనిలో ఆ మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో, ఒళ్లు ఎంత ఉందో, ఇంతకుముందు ఏ పనులు చేశాడో, వాటిని బట్టి మారుతుంటాయి.

ఫిట్స్, పోస్నర్ 1967లో మూడు దశలు చెప్పారు. మొదట పనిని బుద్ధితో అర్థం చేసుకునే దశ, తర్వాత తప్పులు తగ్గించుకుంటూ కుదురుకునే దశ, చివరికి ఆలోచన లేకుండానే చెయ్యి నడిచే దశ. మొదటి దశలోవాడికి చూపించాలి. రెండో దశలోవాడికి రకరకాలుగా చేయించాలి. మూడో దశలోవాణ్ని కదిలించకూడదు, కొత్త చిక్కు ఎదురైతే తప్ప. ఒకే పిల్లవాడు ఈతలో మొదటి మెట్టు మీద, గోలీల్లో మూడో మెట్టు మీద ఉండొచ్చు.

వయసు ముద్ర కూడా వేయకూడదు. కాలువ నీళ్లు వచ్చినచోట జొన్న, కొర్ర, పత్తి తప్ప తెలియని మెట్టసేద్యం ఆడవాళ్లు వరినాట్లు నేర్చుకున్నారు. నలభై దాటినవాళ్లు బురదలో వెనక్కి నడుస్తూ నారు గుచ్చడం అలవాటు చేసుకున్నారు. సుగ్గికి, అంటే పనుల కోసం వలసగా, గుంటూరు వైపు పోయినవాళ్లు మిరపకోతలో వేళ్ల ఒడుపును కొన్ని రోజుల్లోనే పట్టుకుంటారు. పత్తి తీసిన వేళ్లకు కాయ తొడిమ పట్టు కొత్తే, కానీ వరుస పట్టి నడవడం, రెండు చేతులూ ఆడించడం పాతవే. పాత నేర్పులో ఏ ముక్క కొత్త పనికి పనికొస్తుందో వెతికి చూపించండి. పెద్దవాళ్లకు నేర్పడంలో సగం పని అదే.

10. నేర్పు పేరు చెప్పి చిన్నచేతుల్ని కట్టిపడేయొద్దు

ఇంతవరకూ పిల్లలు పెద్దల పనిలో చెయ్యి వేసి నేర్చుకోవడాన్ని మెచ్చుకున్నాను. దాన్ని అడ్డం పెట్టుకుని పిల్లల్ని బడి మాన్పించేవాళ్లకు ఈ మాట చెప్పకపోతే నా రాత అసంపూర్ణం. సీడు పత్తి సంగతే చూడండి. వాణిజ్య సాగుకు సంకరజాతి పత్తిని మొదట తెచ్చింది మన దేశమే. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ హెచ్-4 రకాన్ని తెచ్చారు. ఆ విత్తనం తయారు కావాలంటే సాయంత్రం మొగ్గలు విప్పి పుప్పొడి భాగాన్ని తీసేయాలి. మరునాడు పొద్దున ఇంకో మొక్క పువ్వు తెచ్చి ఆ విప్పిన మొగ్గ కీలాగ్రానికి రాయాలి. ఇదంతా చేత్తోనే. కర్నూలు, గద్వాల ప్రాంతాల్లో సీడు పత్తి పొలాల్లో ఈ క్రాసింగు పనికి ఆడపిల్లల్ని వాడుకున్నారు. వాళ్ల వేళ్లు సన్నం, ఎత్తు సరిపోతుంది అనేవాళ్లు.

ఈ ‘సన్నవేళ్ల’ మాట నిజం కాదు. 1990లలో అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున, అదే వాదన వినిపించిన ఉత్తరప్రదేశ్ తివాచీ పరిశ్రమను పరిశీలించినవాళ్లు, పెద్దవాళ్లు కూడా అంతే నాణ్యంగా నేయగలరని, చిన్నవేళ్ల వాదన నిలవదని చూపించారు. పిల్లల్లో యజమానులకు పనికొచ్చింది వేళ్ల సన్నదనం కాదు, తక్కువ కూలి.

నేర్పుకూ చాకిరికీ తేడా తెలుసుకునే ఒక కొలత చెబుతాను. ఈ పనికి తర్వాతి మెట్టు ఉందా? కండె చుట్టే పిల్లకు ముందు అచ్చు ఉంది, ఆపైన నేత ఉంది. మొగ్గలు విప్పే పిల్లకు రేపు కూడా మొగ్గలే, ఎల్లుండి కూడా మొగ్గలే. మెట్టు లేని పని పిల్లలకు చాకిరే. మెట్టు ఉన్నా సరే, బడి గంటల్ని మింగే పని చాకిరే. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హక్కు 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సుగ్గికి పోతూ పిల్లల్ని వెంట తీసుకుపోయే తల్లిదండ్రుల్ని తిట్టడానికి నాకు నోరు రాదు. వానలేని ఏడు ఆ వలస బండి ఎక్కకపోతే ఇల్లు గడవదని తెలుసు. అందుకే వలసపోయేవాళ్ల పిల్లలకు ఆసరా ఇచ్చే సీజనల్ హాస్టళ్లు ఆ బండ్లు కదలక ముందే తెరవాలని, తెరిచేదాకా అడుగుతూనే ఉండాలని ప్రతి పంతులునూ ప్రతి సర్పంచునూ వేడుకుంటున్నాను.

11. చేతిపని వచ్చినవాళ్లను బడిలోకి పిలవండి

1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ చేతిపని నడుమనే చదువు సాగాలని ప్రతిపాదించారు. మన బడుల్లో అది చివరికి వారానికో పీరియడ్‌గా మిగిలి, ఆ పీరియడ్ కూడా లెక్కల సారుకు పోయింది. మా మండలంలోని ప్రతి ఉన్నత పాఠశాలకూ అందేంత దూరంలోనే ఒక నేతగాడు, ఒక కటింగు మాస్టరు, ఒక చెక్కభజన గురువు ఉంటారు. వాళ్లను పిలవండి. కుర్చీ వేయండి. మాస్టర్లకు ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వండి. పిల్లలు తమ ఇళ్లలోని నేర్పును బడి గౌరవించడం కళ్లారా చూడాలి. జడ్డిగం పట్టిన అమ్మకు అక్షరం రాకపోవచ్చు. వేగాన్ని, దూరాన్ని, గింజ పరిమాణాన్ని ఒకేసారి చేత్తో లెక్కగట్టిన బుద్ధి ఆమెది. భౌతికశాస్త్రం సారు ఆమె పనితో తన పాఠం మొదలుపెట్టొచ్చు.

12. నేర్పింది నిలిచిందో లేదో తర్వాత చూడండి

చివరి పాఠం నేర్పేవాళ్ల పరీక్ష గురించి. 1979లో షియా, మోర్గాన్ అనే ఇద్దరు కొందరికి చేతి కదలికలు నేర్పారు. ఒక జట్టు ఒక కదలిక పూర్తిగా సాధించాకే ఇంకోటి మొదలుపెట్టింది. రెండో జట్టు అన్నిటినీ కలగాపులగంగా చేసింది. సాధన సాగిన రోజున మొదటి జట్టు ముందుంది. పదిరోజుల తర్వాత పరీక్షిస్తే రెండో జట్టు చాలా ముందుంది. మన కళ్లముందు నున్నగా నడిచే ఆటను చూసి మురిసిపోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. పోటీకి ముందు రోజు ఒకే కదలికను రుద్ది రుద్ది చేయించి, మైదానంలో మెరిపించి, వారం తిరిగేసరికి ఏమీ మిగలని శిక్షణలు మన చుట్టూ ఉన్నాయి.

కాబట్టి నేర్పిన రోజున మార్కులు వేయకండి. రెండు వారాలు ఆగండి. చెప్పకుండా, వేరే మైదానంలో, వేరే బంతితో, వేరే జోడీతో చేయించి చూడండి. అక్కడ తడబడితే పిల్లవాణ్ని ఏమీ అనకండి. మీ సాధన వరుసను మార్చండి, దూరాలు మార్చండి, మీ మాటలు తగ్గించండి. మన పిల్లలు రేపు బెంగళూరులో గార్మెంటు మిషను ముందు కూర్చోవచ్చు, హైదరాబాదులో ఇల్లు కట్టొచ్చు, ఇక్కడే ట్రాక్టరు గొర్రుతో విత్తనం వేయొచ్చు. ఆ రోజున మనం పక్కన ఉండం. మనం లేనిచోట వాళ్ల చెయ్యి తనంతట తాను కొత్త పని పట్టుకోగలిగితే, మనం నేర్పినట్టు. అంతకు తక్కువ దేనితోనూ తృప్తిపడకండి.